వాలెట్‌లో డబ్బు కనిపించడం లేదా?

ఫ్రీలాన్స్ పనికి యూఎస్‌డీటీలో చెల్లించేశానని క్లయింట్ అంటాడు. మీ ఫోన్ వాలెట్‌లో చూస్తే సున్నా. కంగారుపడి యాప్ డిలీట్ చేసేయకండి! రికవరీ ఫ్రేజ్‌లోని 12 పదాలూ కాగితం మీద రాసి పెట్టుకోకపోతే, యాప్‌తో పాటే సొమ్ముకూ నీళ్లొదులుకోవాల్సిందే.

ముందు ట్రాన్సాక్షన్ ఐడీ అడగండి. స్క్రీన్‌షాట్ చాలదు, అదెవరైనా తయారుచేస్తారు. ఆ ఐడీని ట్రాన్ నెట్‌వర్క్ అయితే ట్రాన్‌స్కాన్‌లో, ఇథీరియం అయితే ఈథర్‌స్కాన్‌లో వెతకండి. అక్కడ సక్సెస్ అని ఉండి, అడ్రస్ మీదే, టోకెన్ అసలుదే అయితే డబ్బు వచ్చినట్టే. వాలెట్‌లో ఆ నెట్‌వర్క్‌నీ టోకెన్‌నీ ఆన్ చేస్తే కనిపిస్తుంది. క్లయింట్ ఐడీ ఇవ్వకుండా సాకులు చెబుతున్నాడంటే పంపలేదనే అనుకోండి.

వచ్చింది కానీ బయటకు పంపలేకపోతున్నారా? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. యూఎస్‌డీటీ ఎంత ఉన్నా నెట్‌వర్క్ ఫీజు సాధారణంగా అందులోంచి పోదు. ట్రాన్‌లో టీఆర్‌ఎక్స్, ఇథీరియంలో ఈథర్ కాస్తయినా ఉండాలి.

సాయం కోసం టెలిగ్రామ్‌ గ్రూపుల్లో అడిగారో, నిమిషాల్లో ‘సపోర్ట్ టీమ్’ వాలిపోతుంది. రికవరీ ఫ్రేజ్ అడిగితే అది మోసమే. ‘మీ డబ్బు విడుదల కావాలంటే ముందు కొంత కట్టండి’ అనే పార్ట్‌టైమ్ ఉద్యోగాలూ అంతే. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అన్నట్టు, క్రిప్టో అమ్మి లాభపడితే 30 శాతం పన్ను కట్టాలి. జీతం బ్యాంకు ఖాతాలో వేయమని మొదటే అడిగి చూడండి.