దాంపత్య హింసా నివారణలో పురుషుల కర్తవ్యం

భార్యపై భర్త గాని, సహచరిపై సహచరుడు గాని ఆధిపత్యం నిలుపుకోవడానికి ప్రయోగించే బలాన్నీ, బెదిరింపునూ, నిర్బంధాన్నీ సన్నిహిత భాగస్వామి హింస అంటారు. 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టం దీనిని శారీరక, లైంగిక, వాచిక-మానసిక, ఆర్థిక హింసలుగా వర్గీకరించింది. తంగళ్ళపల్లి, సిరిసిల్ల ప్రాంతంలో ఒళ్ళో చాట పెట్టుకొని దినమంతా బీడీలు చుట్టిన స్త్రీ కూలిని భర్త లాక్కుంటే, ఒంటిపై దెబ్బ పడకపోయినా అది ఆర్థిక హింసే.

ఈ హింసకు మద్యమే మూలమని పలువురు భావిస్తారు. మద్యం హింస తీవ్రతను పెంచే మాట నిజమే. అయితే సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలో ఆసామి ఎంత కసిరినా కిక్కురుమనని మనిషి, తాగి ఇంటికి వచ్చి భార్యపైనే చేయెత్తుతున్నాడంటే, ఎవరిని కొడితే చెల్లుతుందో ఆ మత్తులోనూ అతనికి తెలుసునన్నమాట. ఆ చెల్లుబాటును కల్పించేది సామాజిక ప్రమాణం. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18–49 ఏళ్ళ వివాహితల్లో సుమారు 37 శాతం మంది భర్త చేతిలో హింసకు గురికాగా, ఏదో ఒక కారణంపై భర్త కొట్టడం సమంజసమేనన్న స్త్రీలు 83 శాతానికి పైగా ఉన్నారు. సమాజం నేర్పిన ఈ ప్రమాణాన్ని సమాజమే మార్చగలదు. ఉగాండా రాజధాని కంపాలాలో స్త్రీపురుషులిద్దరినీ అధికార వినియోగంపై చర్చకు కూర్చోబెట్టిన ‘సాసా’ కార్యక్రమం నడిచిన వాడల్లో, భాగస్వామి చేసే శారీరక హింస ఇతర వాడలకంటే 52 శాతం తక్కువగా నమోదైంది.

నివారణ మూడు అంచెలుగా సాగుతుంది. మగపిల్లలకు ఇంటిపనినీ, కోప నిగ్రహాన్నీ, అక్కచెల్లెళ్ళతో సమభావాన్నీ అలవరచడం ప్రాథమిక నివారణ. భార్యను తిట్టడం, అనుమానించడం మొదలుపెట్టిన మిత్రుణ్ణి షిఫ్టు దిగాక పక్కకు పిలిచి నిష్కర్షగా మందలించడం ద్వితీయ నివారణ. హింస జరిగాక బాధితురాలికి రక్షణ, వైద్యం, న్యాయం అందేలా చూడడం తృతీయ నివారణ. ఈ దశలో ఆమె ఇష్టానికే ప్రాధాన్యమిచ్చి, 181 మహిళా సహాయవాణిని గాని, బాధిత స్త్రీలకు అండగా నిలిచే సఖి కేంద్రాన్ని గాని చేరుకోవడానికి తోడ్పడాలి. పెద్దమనుషుల పంచాయితీలో బలవంతపు రాజీ కుదర్చడం ఆమెను తిరిగి ప్రమాదంలోకి నెట్టడమే. పురుషుడు హింసకు పాల్పడకపోవడం కనీస ధర్మం. తోటి పురుషుడు పాల్పడుతుంటే మౌనం వహించకపోవడం అతని సామాజిక కర్తవ్యం.