480 మీటర్ల అవతల ఒక ఖాళీ గొట్టం

జెనీవా దగ్గర సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ కొలైడర్‌లో ప్రోటాన్ల గుంపులు 25 నానోసెకన్లకోసారి ఎదురుపడతాయి. ఢీకొన్నచోట పుట్టేవాటిని చూడటానికి అట్లాస్ అనే పరికరం ఉంది. పొడవు 46 మీటర్లు, బరువు 7,000 టన్నులు. కానీ ఏ గుర్తూ వదలకుండా దాన్ని దాటిపోయి, ఆ తర్వాతెక్కడో విచ్ఛిన్నమయ్యే కణం ఉంటే? డార్క్ ఫోటాన్ అనే ఊహాత్మక కణం అలాంటిదే కావచ్చని అనుమానం.

దానికోసం కట్టిన పరికరం ఫేజర్. 2022 నుంచి డేటా సేకరిస్తోంది. అట్లాస్‌కు 480 మీటర్ల దూరంలో, ఒక పాత సొరంగంలో ఉంది. మధ్యలో దాదాపు 100 మీటర్ల రాయి. కణం విచ్ఛిన్నం కావాల్సిన ఖాళీ గొట్టం పొడవు 1.5 మీటర్లే, వ్యాసం 20 సెంటీమీటర్లు.

ఇంత చిన్నదానితో ఏం దొరుకుతుంది? లెక్క వేద్దాం. కణం సగటున 480 మీటర్లు వెళ్లి విచ్ఛిన్నమవుతుందనుకుంటే, ఇటు వచ్చే ప్రతి 870లో ఒకటి ఆ గొట్టంలోనే విచ్ఛిన్నమవుతుంది. సగటు 48 మీటర్లయితే పది లక్షలకు ఒకటో రెండో. 48 కిలోమీటర్లయితే లక్షకు మూడు. అంటే పరికరం ఎక్కడ పెట్టాలో తేల్చడమంటే, ఏ ఆయుష్షు కణాలను వెతకాలో తేల్చడమే.

ఇక గురి. కణాలు అన్ని దిక్కులకూ సమంగా చిమ్మితే ఈ గొట్టం వైపు వచ్చేవి పది కోట్లకు ఒకటే. అదృష్టం ఏమిటంటే, తేలికపాటి కణాలు ఎక్కువగా ప్రోటాన్ల దారి వెంటే దూసుకుపోతాయి. ఆ సరళరేఖ సొరంగం నేలకు కాస్త దిగువగా పోతోంది కాబట్టి, పరికరాన్ని దించడానికి అర మీటరు లోతున కందకం తవ్వారు. నాకైతే డిజైన్ మొత్తంలో నచ్చిన పని ఇదే. బరువైన కణాలకు ఈ ఉపాయం పనికిరాదు. అవి పక్కలకు చెదురుతాయి. అందుకే వాటి కోసం మథుస్లా అనే మరో పరికరం ప్రతిపాదన నేలపైన 200 మీటర్ల భుజంతో మొదలైంది, కానీ చివరికి 40 మీటర్లకు కుదించుకుంది.

ఫేజర్‌లో ఇంకో చిక్కు. 100 ఎంఈవీ ద్రవ్యరాశి, 1 టీఈవీ శక్తి ఉన్న డార్క్ ఫోటాన్ విడిపోతే వచ్చే ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌ల మధ్య ఎడం మీటరు దూరం వెళ్లినా మిల్లీమీటరులో కొద్ది వంతే. వాటిని విడదీసి చూడాలంటే అయస్కాంతాలు తప్పవు. 0.57 టెస్లా శాశ్వత అయస్కాంతాలు పెట్టారు, కరెంటు ఖర్చు లేకుండా. ట్రాకర్‌కు అట్లాస్‌లో మిగిలిపోయిన సిలికాన్ మాడ్యూళ్లు, శక్తి కొలవడానికి ఎల్‌హెచ్‌సీబీ అనే మరో పరికరంలో మిగిలిపోయిన మాడ్యూళ్లు వాడుకున్నారు.

2023లో ప్రకటించిన తొలి శోధనలో డార్క్ ఫోటాన్ ఒక్కటీ కనబడలేదు. అదే ఏడాది, అదే పరికరం కొలైడర్‌లో పుట్టిన న్యూట్రినోల జాడలు 153 చూపించింది.