బతుకమ్మకు బటన్ సెల్!

పాడైన బొమ్మ కారు, వెలగని సీరియల్ బల్బుల తీగ, పాత సెల్‌ఫోన్ చార్జర్... ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక డబ్బాలో ఇవి ఉంటాయి. ఇంకో డబ్బాలో రంగు కాగితాలు, చమ్కీలు, ఊలు దారం, జిగురు సీసా. మొదటి డబ్బా అన్నది, రెండోది చెల్లెది అని మనకు తెలియకుండానే పంచేస్తాం. ఈ రెండు డబ్బాలనూ ఒకే చాప మీద బోర్లిస్తే ఏమవుతుంది? అదే ఈ వారం ముచ్చట.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఊరు కామారెడ్డి జిల్లా పిట్లం, కొలువు హైదరాబాద్‌లో. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ బ్రెడ్‌బోర్డు మీద ఎల్‌ఈడీలు వెలిగించాం, రికార్డులో రీడింగులు రాశాం, మార్కులొచ్చాయి. ఆ వెలుగు ఎవరికి, దేనికి అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు నాకు మా గల్లీ పిల్లల దగ్గర దొరికింది.

తెల్ల లైట్లు ఎందుకు వెలగలేదు?

పోయిన దసరా సెలవుల్లో ఆరుగురు పిల్లలతో కలిసి అట్టముక్కలతో చిన్న బతుకమ్మ చేశాం. సామాను పెద్దగా ఏం లేదు. జిగురున్న రాగి టేపు, చిన్న ఎల్‌ఈడీలు, 3 వోల్టుల సీఆర్ 2032 బటన్ సెల్స్, రంగు కాగితాలు. మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్‌కి పెట్టేంత ఖర్చు కూడా కాలేదు.

అట్టను గుండ్రంగా మూడు సైజుల్లో కోసి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ప్రతి అంతస్తు చుట్టూ రెండు రాగి టేపు వరసలు అంటించాలి. ఒకటి ప్లస్, ఒకటి మైనస్. అవి ఒకదానికొకటి తాకకూడదు. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వరసకు, పొట్టి కాలు మైనస్ వరసకు. పైన కాగితం పూలు. అంతే!

మొదట్లోనే ఏడో తరగతి చదివే ఓ పాప చెప్పేసింది: "కరెంటు పని మా అన్న చేస్తడు. నేను పూలు అంటిస్త."

తంగేడు పూల వరసకు పసుపు ఎల్‌ఈడీలు, గునుగు పూల వరసకు తెల్లవి పెట్టారు. రెండు వరసలనూ ఒకే సెల్‌కి కలిపి చూస్తే పసుపువి వెలిగాయి, తెల్లవి వెలగలేదు. "తెల్లయి ఖరాబైనయి అన్నా, వేరేవి తెద్దాం" అన్నారు మగపిల్లలు. ఆ పాప మాత్రం వదల్లేదు. పసుపు లైట్లు ఒక్కొక్కటీ పీకుతూ పోయింది. చివరి పసుపు లైటు తియ్యగానే తెల్లవన్నీ టక్కున వెలిగాయి. "ఇవి ఖరాబు కాలె. పచ్చయే కరెంటంత తాగుతున్నయ్!" అంది.

అచ్చంగా జరిగింది అదే. పసుపు ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులకే వెలుగుతుంది, తెల్లదానికి దాదాపు 3 వోల్టులు కావాలి. రెండింటినీ పక్కపక్కన ఒకే బటన్ సెల్‌కి కలిపితే పసుపుది కరెంటు లాగేసి, వోల్టేజీని 2 దగ్గరికి దించేస్తుంది. తెల్లదానికి అది చాలదు. ఉపాయం సింపుల్: ఏ రంగు వరసకు ఆ సెల్ విడిగా పెట్టడమే. పుస్తకంలో 'ఫార్వర్డ్ వోల్టేజ్' అని బట్టీ పట్టే పాఠాన్ని ఆ పాప గునుగు పూల కోసం కనిపెట్టేసింది.

సాయంత్రం లైటు తీసేసి చూపిస్తే మా అమ్మ, "దీపం పెట్టినట్టే ఉంది గదరా, గాలికి ఆరిపోదు కూడా" అని మురిసిపోయింది. ఆ పాప వాళ్లమ్మ మాత్రం బిడ్డ చేతుల వైపే చూస్తూ, "దీనికి బొమ్మలేసుడే వస్తదనుకున్న" అంది.

సూదీదారంతో సర్క్యూట్

ఇది మా గల్లీ ముచ్చటే కాదు. మనలాంటి వాళ్లు ప్రాజెక్టులకు వాడే ఆర్డునో బోర్డు 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో పుట్టింది. ఎవరి కోసమో తెలుసా? ఇంజినీర్ల కోసం కాదు, డిజైన్ చదివే విద్యార్థుల కోసం. తర్వాత అమెరికాలో లియా బ్యూక్లీ అనే పరిశోధకురాలు 'లిలీప్యాడ్' అనే బోర్డు చేశారు. అది పువ్వులా గుండ్రంగా ఉంటుంది. సోల్డరింగ్ అక్కర్లేదు. కరెంటు పారే దారంతో బట్ట మీద కుట్టేయడమే.

ఆమె, బెంజమిన్ మాకో హిల్ కలిసి 2010లో ఒక లెక్క తీశారు. మామూలు ఆర్డునోతో చేసి బయటికి చూపించిన ప్రాజెక్టుల్లో మహిళలవి 2 శాతమే ఉంటే, లిలీప్యాడ్‌తో చేసిన వాటిలో 65 శాతం దాకా వాళ్లవే! లోపలి చిప్పు ఒకే కుటుంబానిది, మారింది చేతికిచ్చిన పనిముట్టు. అమ్మాయిలకు ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉండదనే మాటకు ఇంతకంటే జవాబేం కావాలి?

అమ్మ చెయ్యి నొప్పి తీర్చిన కళ

కళకూ యంత్రానికీ పెళ్లి చేసిన వాళ్లలో మన తెలంగాణకు పెద్ద పేరు చింతకింది మల్లేశం గారిది. ఆయనది ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి ఇక్కత్ చీరకు రంగులద్దే ముందు దారాన్ని కొయ్యల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ 'ఆసు పోయాలి'. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు కదలాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు! తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన ఆయన యంత్రం చేయడం మొదలుపెట్టారు. ఏళ్లు గడిచాయి, అప్పులయ్యాయి. బాలానగర్‌లో పని చేస్తూ ఓ యంత్రం కదలికను చూసినప్పుడు చిక్కుముడి వీడింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. తర్వాత దానికి ఎలక్ట్రానిక్స్ కూడా జోడించి మెరుగుపరిచారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో 'మల్లేశం' సినిమా వచ్చింది.

ఆ యంత్రం చీర డిజైన్ జోలికి వెళ్లలేదు. ఏ పువ్వు వెయ్యాలి, ఏ రంగు అద్దాలి అన్నది ఇప్పటికీ చేనేత మనిషిదే. యంత్రం తీసేసుకున్నది నొప్పిని మాత్రమే. మనం చేసే ఏ ప్రాజెక్టుకైనా ఇంతకంటే మంచి కొలత నాకు తెలీదు.

మీరూ మొదలుపెట్టాలంటే...

మొదటి ప్రాజెక్టుకు కోడింగ్ అక్కర్లేదు. ఒక గ్రీటింగ్ కార్డు, ఒక ఎల్‌ఈడీ, ఒక సెల్ చాలు. కార్డు మూస్తే ఆరిపోయి, తెరిస్తే వెలిగేలా చెయ్యండి. స్విచ్ అంటే ఏంటో అదే నేర్పిస్తుంది. తర్వాత ఆర్డునోకు వెళ్లొచ్చు. హైదరాబాద్ వస్తే విడి పార్టుల కోసం కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. ఐడియా పెద్దదైతే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న ప్రారంభమైన ఈ ప్రోటోటైపింగ్ కేంద్రం 78 వేల చదరపు అడుగులు. త్రీడీ ప్రింటర్లు, లేజర్ కట్టింగ్, సర్క్యూట్ బోర్డుల తయారీ అన్నీ అక్కడే.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, బటన్ సెల్ చిన్నపిల్లల చేతికి అందకూడదు. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. టేపుతో గట్టిగా మూసెయ్యండి. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. రెండు, గోడ ప్లగ్గులోని 230 వోల్టుల జోలికి అస్సలు పోవద్దు. ఇంకో మాట, బ్యాటరీ బతుకమ్మను చెరువులో వెయ్యకండి. చెరువుకు పూల బతుకమ్మే వెళ్లాలి, ఇది అల్మారాలో ఉంటుంది.

రీల్స్ చూసి 'వావ్' అనుకోవడం తేలికే. ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి ఆ రెండు డబ్బాలూ బయటికి తీయండి. కత్తెర అన్నకివ్వండి, వైరు చెల్లికివ్వండి. ఏం చెయ్యాలో తోచకపోతే మీ ఇంట్లో రోజూ ఒకే పని చేసి చేసి ఎవరి చెయ్యి నొప్పి పుడుతోందో ఒకసారి చూడండి. ప్రాజెక్టు అక్కడే ఉంటుంది.