హాబీ వంట అన్నారు.. మరి ఎసరెంత?

ఇంటర్వ్యూ సాఫీగానే సాగుతోంది. ప్రాజెక్టు గురించి అడిగారు, కుర్రాడు చెప్పాడు. ఇష్టమైన సబ్జెక్టు అడిగారు, అదీ చెప్పాడు. చివరికి ప్యానెల్‌లో ఒకరి చూపు రెజ్యూమె ఆఖరి లైను మీద పడింది.

‘‘హాబీస్‌లో కుకింగ్ అని రాశారు. ఏం వండుతారు?’’

‘‘చికెన్ బిర్యానీ సర్.’’

‘‘ఓహో! ఎలా చేస్తారో చెప్పండి.’’

‘‘ముందు ఉల్లిపాయలు వేయించి.. మసాలా వేసి.. చికెన్ వేసి.. రైస్ వేసి..’’

‘‘అరకిలో బియ్యానికి నీళ్లెన్ని పోస్తారు?’’

అంతే, నోట మాట లేదు.

ఇలాంటి సన్నివేశం ఎవరికైనా ఎదురుకావచ్చు. ఆ కుర్రాడు పూర్తిగా అబద్ధం రాయలేదు. అమ్మ వండుతుంటే పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగాడు, వడ్డిస్తే లొట్టలేసుకుంటూ తిన్నాడు. కానీ చూడటం వేరు, చేయడం వేరు. చేసినవాడికి ఎసరు లెక్క గుర్తుంటుంది. చిక్కేమిటంటే, ఈ చిన్న ప్రశ్న దగ్గర తడబడితే ఎదుటివారికి పెద్ద అనుమానం వస్తుంది. ‘ప్రాజెక్టు కూడా ఇలాగే పక్కన నిలబడి చూశాడేమో!’ అని.

దీనికి రెండు దారులున్నాయి. ఆ లైను తీసేయడం ఒకటి. ఈ ఆదివారమే నేర్చేసుకోవడం రెండోది. రెండో దారిలో ఇంకో లాభం కూడా ఉంది. రేపు ఉద్యోగమొచ్చి చెన్నైకో బెంగళూరుకో వెళ్లి, నలుగురితో రూమ్ తీసుకున్నాక బయటి తిండితో జేబు ఖాళీ అవుతుంటే ఈ విద్యే ఆదుకుంటుంది.

దిండిగల్ బిర్యానీయే ఎందుకు?

మనకు బిర్యానీ అంటే ముందు హైదరాబాదే గుర్తొస్తుంది. కానీ మొదటిసారి గరిటె పట్టేవాళ్లకు కచ్చి బిర్యానీ కాస్త కష్టం. అడుగున మసాలా పట్టించిన పచ్చి మాంసం, పైన సగం ఉడికిన బాస్మతి. మూత పెట్టాక లోపల ఏం జరుగుతోందో కనిపించదు. తీశాక దిద్దుకునే వీలుండదు.

తమిళనాడులో మదురైకి దగ్గర్లో ఉండే దిండిగల్‌ది వేరే పద్ధతి. తాళాల తయారీకి పేరున్న ఈ ఊరు బిర్యానీకీ అంతే ప్రసిద్ధి. అక్కడ 1957లో నాగసామి నాయుడు మొదలుపెట్టిన హోటల్ ఈ రుచిని ఊరు దాటించింది. ఆయన తలపాగా చుట్టుకునేవారు. తమిళంలో దాన్ని తలప్పా అంటారు. ‘తలప్పాకట్టి’ బిర్యానీ అన్న పేరు అలా వచ్చిందే.

ఈ పద్ధతిలో చికెన్‌ను ముందే మసాలాలో ఉడికించి, అందులోనే ఎసరు పోసి, బియ్యం వేస్తారు. ఒకటే గిన్నె, ఒకటే స్టవ్. ప్రతి దశలో రుచి చూసి సరిచేసుకోవచ్చు. బ్యాచిలర్ రూమ్‌కు ఇంతకంటే ఏం కావాలి?

దీని ప్రాణం సీరగ సంబా బియ్యం. తమిళంలో సీరగం అంటే జీలకర్ర. గింజ కూడా జీలకర్రలాగే చిన్నగా, సన్నగా ఉంటుంది. మసాలా రసాన్ని బాగా పీల్చుకుంటుంది. ఇది దొరక్కపోతే మన చిట్టిముత్యాలు వాడుకోవచ్చు. రకం వేరైనా అదీ చిన్న గింజే, దానికీ సువాసన ఉంటుంది.

నలుగురికి కావాల్సినవి

సీరగ సంబా బియ్యం అరకిలో (200 గ్రాములు పట్టే గ్లాసుతో రెండున్నర గ్లాసులు), ఎముకతో ఉన్న చికెన్ ముప్పావు కిలో, సాంబారు ఉల్లిపాయలు 150 గ్రాములు, పెద్ద ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 6, రెండంగుళాల అల్లం ముక్క, వెల్లుల్లి రెబ్బలు 15, పెరుగు అర కప్పు, నిమ్మకాయ 1, పుదీనా, కొత్తిమీర గుప్పెడు చొప్పున, కారం ఒక టీస్పూన్, నూనె 4 టేబుల్ స్పూన్లు, నెయ్యి 2 టీస్పూన్లు, ఉప్పు.

మసాలా పొడికి: రెండంగుళాల దాల్చినచెక్క, లవంగాలు 5, యాలకులు 4, అనాసపువ్వు 1, జాపత్రి కొద్దిగా, సోంపు ఒక టీస్పూన్. వీటిని సన్నని మంట మీద వేడిచేసి పొడి కొట్టుకోవాలి. టమాటా అక్కర్లేదు. పులుపంతా పెరుగు, నిమ్మరసమే ఇస్తాయి.

చేసే వరుస

1. చికెన్‌కు పెరుగు, ఒక టీస్పూన్ ఉప్పు పట్టించి అరగంట పక్కన పెట్టండి. పెరుగులోని పులుపు ముక్కను మెత్తబరుస్తుంది. మరోవైపు బియ్యం కడిగి 20 నిమిషాలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంచేయండి.

2. సాంబారు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి కలిపి కచ్చాపచ్చాగా రుబ్బండి. అల్లం, వెల్లుల్లి విడిగా ముద్ద చేసుకోండి.

3. మందపాటి గిన్నెలో నూనె, నెయ్యి వేడిచేసి రెండు బిర్యానీ ఆకులు, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయ వేయండి. బంగారు రంగు వచ్చేదాకా ఆగాలి. తర్వాత అల్లం వెల్లుల్లి ముద్ద, ఆపైన ఉల్లి ముద్ద. పచ్చివాసన పోయి, నూనె అంచుల్లో తేలేవరకు వేయించండి. పది నిమిషాలు పట్టినా సరే, తొందరపడొద్దు. రుచి సగం ఇక్కడే తయారవుతుంది.

4. మసాలా పొడి, కారం, సగం పుదీనా, సగం కొత్తిమీర వేసి ఒక్కసారి తిప్పి చికెన్ వేయండి. ఐదు నిమిషాలు పెద్ద మంట మీద కలిపి, మూతపెట్టి మధ్యస్థ మంట మీద మరో పది నిమిషాలు ఉడికించండి. ముక్క ముప్పావు వంతు ఉడికితే చాలు.

5. ఇప్పుడు అసలు ప్రశ్న: నీళ్లెన్ని? నానిన సీరగ సంబాకు గ్లాసుకు ఒకటిన్నర లెక్క. రెండున్నర గ్లాసులకు మూడుముప్పావు అవుతుంది. కానీ చికెన్, పెరుగు వదిలిన రసం ఇప్పటికే గిన్నెలో ఉంది కదా! దానికి అరగ్లాసు తగ్గించి మూడుంపావు గ్లాసుల వేడినీళ్లు పోయండి. బియ్యం ఏ గ్లాసుతో కొలిచారో నీళ్లూ ఆ గ్లాసుతోనే కొలవాలి. పోశాక గరిటెతో అడుగంతా ఒకసారి గీరండి.

6. ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు వేసి, ఎసరు రెండు నిమిషాలు తెర్లాక రుచి చూడండి. నోటికి కాస్త ఉప్పగా అనిపించాలి. ఎసరులోనే సరిపోయిందనిపిస్తే, బియ్యం పడ్డాక చప్పబడుతుంది. తక్కువైతే ఇప్పుడే వేసుకోండి.

7. మిగిలిన పుదీనా, కొత్తిమీర, నిమ్మరసం, బియ్యం వేసి మెల్లగా కలపండి. పెద్ద మంట మీద ఉడుకుతూ నీళ్లు బియ్యం మట్టానికి దిగగానే గిన్నె కింద పెనం పెట్టండి. గట్టి మూతపెట్టి, దానిపై బరువుంచి, సన్నని మంట మీద 12 నిమిషాలు దమ్ చేయండి. స్టవ్ ఆపాక ఇంకో 15 నిమిషాలు మూత తీయొద్దు. ఆ ఆవిరిలోనే గింజ సర్దుకుంటుంది. తర్వాత అంచుల నుంచి పైకి తీస్తూ కలపండి.

కుక్కరే ఉందా? నీళ్లు ఇంకో పావు గ్లాసు తగ్గించండి. ఎసరు తెర్లాక బియ్యం వేసి మూతపెట్టి, ఒక్క విజిల్ రాగానే ఆపేయండి. ఆవిరి దానంతటదే పోనివ్వాలి. పక్కన ఉల్లిపాయల పెరుగు చట్నీ ఉంటే విందు సిద్ధం.

ఎక్కడ తప్పుతుందంటే..

అన్నం ముద్దయిందా? నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా బియ్యం నానిన నీళ్లు సరిగా వంచలేదు, లేదా దమ్ కాకముందే గరిటెతో తిప్పారు. అడుగంటిందా? నీళ్లు పోశాక అడుగు గీరలేదు, లేదా పెనం పెట్టకుండా నేరుగా మంట మీద వదిలేశారు. ఘాటు ఎక్కువైందా? లవంగాలు, దాల్చినచెక్క కొలవకుండా వేశారు. చప్పగా ఉందా? ఎసరు రుచి చూడలేదు.

ఇంకో జాగ్రత్త. పచ్చి చికెన్ కోసిన పలక మీదే చట్నీకి ఉల్లిపాయలు తరగొద్దు. రూమ్‌లో ఫ్రిజ్ లేకపోతే ఒక పూటకు సరిపడానే వండుకోండి. రాత్రంతా బయట ఉన్న అన్నంలో బ్యాక్టీరియా పెరిగి విషాన్ని వదులుతుంది. పొద్దున వేడిచేసినా ఆ విషం పోకపోవచ్చు. సోమవారం ఇంటర్వ్యూ పెట్టుకుని ఆదివారం రాత్రి మిగిలిన బిర్యానీతో పందెం కాయడం తెలివైన పని కాదు.

పీజీలో స్టవ్‌కు ఒప్పుకోరా? పండక్కి ఇంటికెళ్లినప్పుడు చేయండి. అమ్మను కూర్చోబెట్టి మీరు వండితే ఆ రుచి లెక్కే వేరు. ఎక్కడ తప్పు చేస్తున్నారో అక్కడికక్కడే చెప్పే గురువు కూడా ఆమే.

మళ్లీ ఆ గదిలోకి

ఇప్పుడు అదే ప్రశ్న మిమ్మల్ని అడిగారనుకోండి. ‘నానబెట్టిన సీరగ సంబా అయితే గ్లాసుకు ఒకటిన్నర సర్. చికెన్‌లో ఊరిన రసం ఉంటుంది కాబట్టి అరగ్లాసు తగ్గిస్తాను. మొదటిసారి తగ్గించలేదు, ముద్దయింది. రెండోసారి తగ్గిస్తే పలుకు నిలబడింది’ అని చెప్పగలిగితే చాలు.

ఆ నాలుగు వాక్యాల్లో ఏముందో చూడండి. ఏం చేశారో ఉంది, ఎందుకు చేశారో ఉంది, ఎక్కడ తప్పారో, ఎలా దిద్దుకున్నారో కూడా ఉంది. ప్రాజెక్టు గురించి అడిగినా ప్యానెల్ వినాలనుకునేది ఇదే. పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అంటూ జవాబు చెప్పే ‘స్టార్’ పద్ధతిని ప్లేస్‌మెంట్ శిక్షణలో చెబుతుంటారు. దాన్ని బట్టీ పట్టడం కంటే, సొంతంగా చేసిన పని ఒక్కటైనా చేతిలో ఉంటే జవాబు దానంతటదే ఆ వరుసలో వస్తుంది. ఎందుకంటే జరిగింది అదే వరుసలో కాబట్టి.

అందుకే మొదటిసారి వండినప్పుడే పక్కన ఓ కాగితం పెట్టుకోండి. నీళ్లెన్ని పోశారు, దమ్ ఎంతసేపు చేశారు, సరకులకు ఎంతయింది, తలా ఎంత పడింది రాసుకోండి. తిన్నవాళ్లు ఏమన్నారో కూడా రాయండి, మొహమాటానికి బాగుందన్నవాళ్లను మినహాయించి. రెండోసారి ఆ కాగితం చూసి ఏదో ఒక్కటే మార్చండి. మూడోసారి ఏ కాగితం చూడకుండా వండగలిగితే, రెజ్యూమెలో ఆ లైను అలాగే ఉంచేసుకోవచ్చు.