ఇంటి కంప్యూటర్‌లో విమానం

మీ అబ్బాయో, అమ్మాయో కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడుపుతుంటే అది ఉత్త ఆట అని కసురుకోకండి. పైలట్ అయిపోయినట్టేనని మురిసిపోనూ వద్దు.

ఎక్స్-ప్లేన్ అనే సాఫ్ట్‌వేర్‌నే తీసుకుందాం. అమెరికాలో ఆస్టిన్ మేయర్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ 1995లో వెలువడింది. ఇది విమానం రెక్కను చిన్న చిన్న ముక్కలుగా భావించి, ఒక్కొక్క ముక్క మీద గాలి ఎంత బలంగా పనిచేస్తుందో సెకనుకు ఎన్నోసార్లు లెక్క వేస్తుంది. ఆ బలాలన్నీ కూడితే విమానం ఎటు వంగేదీ, ఎంత లేచేదీ తేలుతుంది. వేగం తగ్గించి, ముక్కు మరీ పైకెత్తారనుకోండి. రెక్కకు గాలి పట్టు తప్పి విమానం కిందికి జారుతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇక్కడైతే ప్రాణభయం లేదు, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కాకపోతే ఆ జారుడుకు కడుపులో కలిగే కుదుపు మాత్రం కుర్చీలో తెలియదు.

మరి ఈ గంటలు లైసెన్సుకు పనికివస్తాయా? ఇంట్లో చేసినవి పనికిరావు. అమెరికా విమానయాన శాఖ ఒక్క సాఫ్ట్‌వేర్‌ను చూసి ఆమోదం ఇవ్వదు. మీటలు, పెడళ్ళు, మీటర్లు అన్నీ కలిసిన యంత్రం మొత్తానికి ఇస్తుంది. మన దేశంలోనూ ఆమోదం పొందిన సిమ్యులేటర్ గంటలే చెల్లుతాయి, అవీ కొంత పరిమితి వరకే. కనుక శిక్షణ సంస్థలో సిమ్యులేటర్ రుసుము కట్టేముందు ఆ ఆమోదపత్రం చూపించమని అడగండి. అందులో ఎన్ని గంటలు లైసెన్సుకు లెక్కలోకి వస్తాయో కూడా కాగితం మీద రాయించుకోండి.