వాపును తగ్గించు మందులు - రక్తములోని కావలి కణములు

హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారము ఒకప్పుడు గ్రామములే. నేడు తార్నాక నుండి ఉప్పల్ పోవు రోడ్డు వెంట పేరొందిన పరిశోధన సంస్థలు నెలకొని యున్నవి. 1944లో హైదరాబాదు ప్రభుత్వము స్థాపించిన ప్రయోగశాలయే నేటి భారత రసాయన సాంకేతిక సంస్థ. జీవకణములను గూర్చి పరిశోధించుటకై 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. హబ్సిగూడలో కలదు. నాచారము పారిశ్రామిక వాడలో ఔషధ పరిశోధన సాగించు ఆరాజెన్ వంటి సంస్థలు పనిచేయుచున్నవి.

ఔషధ పరిశోధనలో తరచు ఎదురగు ప్రశ్న యొకటి పల్లెవాసులకు మిక్కిలి దగ్గరిది. మనము మ్రింగు మాత్ర, వేయించుకొను సూదిమందు మన రక్తములోని కావలి కణములను ఏమి చేయును? పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట ఎంతయు అవసరము.

కావలి కణములు

ఆరోగ్యవంతుని రక్తములో ఘన మిల్లీమీటరు ఒక్కింటికి సుమారు 4,000 మొదలు 11,000 వరకు తెల్లకణము లుండును. కాలిలో ముల్లు విరిగినపుడు దానితోబాటు సూక్ష్మక్రిములు లోనికి పోవును. అచటి కణములు వెంటనే కొన్ని రసాయన పదార్థములను వెలువరించి తోటి కణములను పిలుచును. రక్తనాళములు వెడల్పగును, తెల్లకణములు గుంపుగా వచ్చి క్రిములను మ్రింగును. వాపు, ఎరుపు, వేడిమి, నొప్పి - ఈ నాలుగును ఆ పోరాటపు గుర్తులు. దీనినే వైద్యులు శోథ మందురు.

ఊరిలో దొంగలు పడినపుడు జనులు దివిటీలు పట్టుకొని బయలుదేరుదురు. దొంగ పోయిన పిదప దివిటీల నార్పనిచో ఊరి కప్పులకే నిప్పంటుకొనును. శోథయు నట్టిదే. కొందరిలో శత్రువు లేకున్నను ఈ కణములు తమ శరీరపు కీళ్ళనే శత్రువులుగా భావించి దెబ్బతీయును. కీళ్ళవాతములలో నొక తీవ్రమైన రకము ఇట్లు కలుగుచున్నది.

గాజు పాత్రలో పరీక్ష

మందు పనిచేయు తీరును తెలిసికొనుటకు దాత యిచ్చిన రక్తము నుండి తెల్లకణములను వేరుచేసి, 37 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో గాజు పాత్రలందు ఉంచుదురు. సూక్ష్మక్రిముల పైపొర నుండి తీసిన పదార్థమును వానిపై వేయగా, శత్రువు వచ్చినాడని భ్రమించి కణములు టి.ఎన్.ఎఫ్. మొదలగు శోథకారక పదార్థములను వెలువరించును. కొన్ని పాత్రలలో మందు కలిపి, కొన్నింట కలుపక, రెండింటి ఫలితములను పోల్చి చూతురు. పాత్రలో పనిచేసిన మందెల్ల మనిషికి మేలుచేయునని చెప్పరాదు. కావుననే పిమ్మట జంతువులపైనను, క్రమముగా మనుష్యులపైనను పరీక్షలు జరుపుదురు.

మందులు పనిచేయు విధము

ఆస్పిరిన్ నొప్పిని, వాపును పుట్టించు పదార్థముల తయారీని అడ్డగించునని ఇంగ్లాండులో జాన్ వేన్ 1971లో నిరూపించెను. భీమవరమున 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలో రూపొందిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. రక్తపు కాన్సరుకు వాడబడిన ఆ మందే నేడు స్వల్ప మోతాదులో కీళ్ళవాతమున ఉద్రేకించిన కణములను శాంతింపజేయుచున్నది. కీళ్ళవాతమునకు దీనిని వారమున కొక్క దినము మాత్రమే వాడవలెను. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము కలుగును.

స్టీరాయిడ్లు ఇంకను బలమైనవి. ఇవి కణములోనికి చొచ్చుకొనిపోయి, శోథను పుట్టించు ఆజ్ఞలను మూలమునందే అణచివేయును. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కార్టిసోన్ అను స్టీరాయిడును కీళ్ళవాత రోగికి తొలిసారి ఇచ్చి అద్భుత ఫలితమును గాంచెను.

కొవిడ్ నేర్పిన పాఠము

2020 జూన్‌లో ఇంగ్లాండు నుండి వెలువడిన పరీక్షా ఫలితముల ప్రకారము, డెక్సామెథాసోన్ అను స్టీరాయిడు కృత్రిమ శ్వాసయంత్రముపై నున్న కొవిడ్ రోగులలో మరణములను మూడవవంతు, ప్రాణవాయువు అవసరమైన వారిలో అయిదవవంతు తగ్గించెను. ప్రాణవాయువు అవసరము లేనివారికి మాత్రము మేలు కలుగలేదు. 2021లో స్టీరాయిడ్లను మితిమీరి వాడినవారిలో, ముఖ్యముగా మధుమేహము గలవారిలో, నల్లబూజు వ్యాధి విజృంభించెను. ఆ యేడు మే నెలలో తెలంగాణ ప్రభుత్వము దానిని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించెను. ఒకే మందు ఒకరికి ప్రాణము పోసినది. వేరొకరికి కావలివానిని నిద్రపుచ్చి దొంగకు తలుపు తెరచినది.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

పల్లెలలో ఒళ్ళునొప్పులకును, ఆయాసమునకును, జ్వరమునకును స్టీరాయిడు సూదులు వేయించుకొను అలవాటు కలదు. సాయంకాలమునకు నొప్పి మాయమగును, రోగి సంతసించును. కాని నొప్పి తగ్గినంత మాత్రమున రోగము తగ్గినదని నమ్మరాదు. లోపల క్షయ క్రిములుండినచో అవి నిరాటంకముగ వ్యాపించును. దీర్ఘకాలము వాడినచో రక్తములో చక్కెర పెరుగును, ఎముకలు బలహీనమగును, ముఖము ఉబ్బును.

చాలకాలముగ వాడుచున్నవారు హఠాత్తుగా మానుటయు ప్రమాదమే. శరీరము తానుగా తయారుచేసికొను స్టీరాయిడు అప్పటికి తగ్గిపోయి యుండును గనుక, వైద్యుని సలహాపై మెల్లమెల్లగా తగ్గింపవలెను.

సభ్యులు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పౌష్టికాహార సంఘ సమావేశములలో ఈ విషయమును చర్చింపవలెను. వైద్యుని చీటీ లేనిదే ఇట్టి మందులు అమ్మరాదని దుకాణదారులకు తెలుపవలెను. ప్రతి సూదికి మందు పేరు వ్రాయించుకొనుడని ప్రజలకు చెప్పవలెను. నెలల తరబడి కీళ్ళ నొప్పులు, రెండు వారములకు మించి దగ్గు గలవారిని ఆశా కార్యకర్త ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. రక్తములోని కావలివారిని ఎపుడు శాంతింపజేయవలెనో, ఎపుడు మేల్కొని యుండనీయవలెనో నిర్ణయింపవలసినవాడు రోగిని పరీక్షించిన వైద్యుడే. ఈ మాట ఇంటింటికి చేరినచో ఊరికి గొప్ప మేలు జరుగును.