ఐరోపాలో చదువుచున్న బిడ్డను చూచివచ్చుట ఎట్లు?

తిరుమల కొండ దిగువనున్న పల్లెలనుండి చదువునకై జర్మనీ, ఫ్రాన్సు మొదలగు దేశములకు పోయిన యువతీయువకులు నేడు కలరు. బిడ్డ క్షేమముగా చేరినచో కొండకు నడచి వచ్చెదమని మ్రొక్కుకొన్న తల్లిదండ్రులే, కొంతకాలమునకు, "మేమును ఒకసారి పోయి చూచిరాగలమా?" అని అడుగుచుందురు. చూచిరావచ్చును. అందులకు పలుకుబడి అక్కరలేదు, దళారి అక్కరలేదు. నిజమైన పత్రములు, ముందుచూపు, శక్తికి మించని వ్యయము ఉన్న చాలును. ఆ వివరములను ఇచ్చట తెలుపుచున్నాము.

మన ప్రాంతమునకు ఈ తపన క్రొత్త కాదు. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముడు నిత్యానందమును అనీబిసెంటు 1911లో ఇంగ్లండునకు తీసికొనిపోయిరి. తండ్రి నారాయణయ్య కుమారులను తిరిగి పొందగోరి 1912లో వ్యాజ్యము వేసిరి. 1913లో మదరాసు హైకోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పినను, 1914లో లండనునందలి ప్రీవీ కౌన్సిలు దానిని త్రోసివేసెను. బాలురు పెక్కేండ్లు ఇంగ్లండుననే ఉండిపోయిరి. నాటి ఓడ ప్రయాణమునకు వారములు పట్టెడిది. నేడు విమానమున ఒక దినములో చేరవచ్చును. దూరము తగ్గినది, నిబంధనలను తెలిసికొనుటయే మిగిలినది.

మొదట కావలసినది పాస్‌పోర్టు. తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రము కలదు. 36 పుటల సాధారణ పాస్‌పోర్టునకు రుసుము 1,500 రూపాయలు. ఆధారు కార్డునందు ఇంటిపేరు ఒక అక్షరముగా, బిడ్డ పత్రములందు పూర్తిగా ఉన్నచో చిక్కులు కలుగును. కావున పేర్లను ముందే సరిచేయించుకొనవలెను.

రెండవది వీసా, అనగా పరదేశమున ప్రవేశించుటకు ముందుగా పొందు అనుమతి. ఐరోపాలో 29 దేశములు షెంగెన్ ఒప్పందము క్రింద ఒకే వీసాను అంగీకరించును. బ్రిటన్, ఐర్లండు ఇందులో చేరవు. వానికి వేరు వీసాలు పొందవలెను. షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుండి పెద్దలకు 90 యూరోలు. కేంద్రము వారి సేవా రుసుము దీనికి అదనము. ప్రయాణమునకు ఆరు నెలలు ముందుగా దరఖాస్తు చేయవచ్చును. 15 దినములకంటె ఆలస్యము చేయరాదు. నిర్ణయమునకు సాధారణముగా 15 దినములు, ఒక్కొక్కప్పుడు 45 దినములు పట్టును. చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు నగరములలో పెక్కు దేశముల దరఖాస్తులను స్వీకరించు కేంద్రములు కలవు. అచ్చటకు స్వయముగా పోయి వ్రేలిముద్రలు ఈయవలెను. ఫోటో ఆరు నెలలలోపు తీయించినదై యుండవలెను. తలనీలాల మ్రొక్కు ఉన్నవారు దానిని ఫోటోకు చాల ముందుగానో, తిరిగి వచ్చిన పిమ్మటనో తీర్చుకొనుట మేలు.

అధికారి ముఖ్యముగా మూడు సంగతులు చూచును: ఎందులకు పోవుచున్నారు, ఖర్చు ఎవరు భరింతురు, తిరిగి వత్తురా? మొదటిదానికి బిడ్డ వ్రాసిన ఆహ్వానపత్రము, విద్యాలయపు ధ్రువపత్రము. రెండవదానికి బ్యాంకు ఖాతా వివరములు. మూడవదానికి పట్టాదారు పాసుపుస్తకము, ఉద్యోగ లేక వ్యాపార పత్రములు చూపవలెను. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా తప్పనిసరి. పాత వ్యాధులకు పెక్కు బీమాలు వర్తింపవు గనుక వాడుక మందులను, వైద్యుని చీటీని వెంట తీసికొనిపోవలెను.

ఇచ్చట రైతు సోదరులకు ఒక హెచ్చరిక చేయుచున్నాము. ఖాతా నిండుగా కనబడవలెనని వడ్డీకి తెచ్చిన సొమ్మును హఠాత్తుగా జమచేసినచో అనుమానమునకు తావిచ్చును. వీసా నిశ్చయముగా ఇప్పింతుమని చెప్పువారిని నమ్మరాదు. నిర్ణయము ఆ దేశపు అధికారులదే. నిరాకరించినచో కారణమును వ్రాతమూలకముగా తెలుపుదురు గాని రుసుము తిరిగి ఈయరు. వీసా చేతికి రాకముందే విమానపు టిక్కెట్టునకు పూర్తి సొమ్ము చెల్లించి నష్టపోరాదు.

మూటలు కట్టునప్పుడు బిడ్డ నాలుకను మాత్రమే తలచరాదు. నెయ్యి, పెరుగు, మాంసము ఆ దేశములకు కొనిపోవుట నిషిద్ధము. మన మామిడిపండ్లకు, పచ్చి కరివేపాకునకు సస్యారోగ్య ధ్రువపత్రము కావలెను. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరములకు అది అక్కరలేదు. మిఠాయిలకు కొంత సడలింపు కలదు. అయినను అధికారి అడిగినచో లడ్డూ ప్రసాదమును సైతము దాచక చూపవలెను. నూనె ఊరు పచ్చళ్లను చేతిసంచిలో గాక పెద్ద పెట్టెలో పెట్టవలెను.

ప్రయాణకాలమును బిడ్డ పరీక్షలను బట్టి నిర్ణయించుకొనవలెను. విద్యార్థి వసతిగృహములలో అతిథులను పెక్కు దినములు ఉండనీయకపోవచ్చును. ముందుగా అడిగి తెలిసికొనుట మంచిది. షెంగెన్ దేశములలో ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి ఉండరాదు. వీసాపై అంతకంటె తక్కువ వ్రాసియున్నచో అదియే గడువు. చేరిన దినము, బయలుదేరిన దినము రెండును లెక్కకు వచ్చును. 2025 అక్టోబరు 12న ప్రారంభమైన విధానము ననుసరించి రాకపోకల తేదీలు కంప్యూటరులలో నమోదగుచున్నవి.

గడువు మీరినవారికి మరల వీసా దొరకుట దుర్లభము. బిడ్డ పట్టా పుచ్చుకొను నాడు ప్రక్కన నిలువగోరు తల్లిదండ్రులు మొదటి ప్రయాణముననే దీనిని మరువరాదు. చెప్పిన దినమునకు తిరిగి వచ్చిన ప్రయాణమే తరువాతి దరఖాస్తునకు గట్టి సాక్ష్యము.